అత్త తరవాణి కుండ

మార్చి 3, 2025, సోమవారం

ఈ పుస్తకం ఆసుపత్రి వాళ్లు ఇచ్చింది. ముందు పేజీల్లో గళ్లు గీసి ఉన్నాయి: జ్వరం, బీపీ, తాగిన నీళ్లు, వచ్చిన మూత్రం, వేసుకున్న మాత్రలు. అవి డాక్టరుగారు చూస్తారు. వెనక పేజీలు ఖాళీ. ఇవి ఎవరూ చూడరు. అందుకే వెనక నుంచి మొదలుపెడుతున్నాను.

ఏడు వారాల తర్వాత ఇంటికొచ్చాం. విశాఖపట్నం నుంచి కారులో బావ మాస్కు పెట్టుకుని కూర్చున్నాడు. అద్దం దించనివ్వలేదని దారంతా అలిగాడు. నౌపడ ఉప్పుమడులు కనిపించాక అలక మర్చిపోయి, నుదురు అద్దానికి ఆనించి, తెల్లటి కుప్పల్ని చూస్తూ ఉండిపోయాడు. పెళ్లయ్యాక నా మొగుణ్ని సముద్రానికి దూరంగా ఇన్నాళ్లు ఎప్పుడూ చూడలేదు.

అత్త గుమ్మంలో నిలబడి ఉంది. కొడుక్కి కిడ్నీ ఇచ్చిన మనిషి, నెల ముందే ఇంటికొచ్చేసింది. ఒక చెయ్యి కుట్టు మీద ఉంచుకుని రెండో చేత్తో దిష్టి తీసింది. బావ కాళ్లు కడుక్కుని కూర్చున్నాడో లేదో, వెనక వసారాలోకి వెళ్లి కుండలోంచి గ్లాసు నిండా తరవాణి ముంచుకొచ్చింది. ఉప్పు వేసి, ఉల్లిపాయ నలిపి, పచ్చిమిరపకాయ తుంచి.

గ్లాసు ఆయన చేతిలోంచి లాక్కున్నాను.

"ఏటే అనూ, నా సేతిది తాగకూడదా ఆడు?"

"డాక్టరుగారు వద్దన్నారత్తా. ఏడాది వరకు."

నిన్న డిశ్చార్జి చేసేటప్పుడు ఆయన అడిగారు, పొద్దున్నే ఏం తింటారని. తరవాణి అన్నాను. అదేంటో ఆయనకు తెలియదు. గంజి, మిగిలిన అన్నం కుండలో పోసి పులవనిస్తామండీ, కుండ ఎప్పుడూ పూర్తిగా ఖాళీ చెయ్యం, అడుగున ఉన్న పులుపే మర్నాడు పోసిన గంజిని పులియబెడుతుంది అని చెప్పాను. వింటూనే తల అడ్డంగా ఊపారు. "ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి మంచిదేనమ్మా. అందులో బతికున్న సూక్ష్మజీవులు కోట్లలో ఉంటాయి. ఇతనికి ఇప్పుడు అలాంటివి వద్దు. అప్పుడే వండింది, వేడివేడిగా. అంతే."

అదే అత్తకి చెప్పాను. ఆవిడ గ్లాసు తీసుకెళ్లి మళ్లీ కుండలో పోసేసింది.

మార్చి 5, బుధవారం

98.4. 98.4. 98.2. ఇంట్లో ఇడ్లీ వాసన, సముద్రం వాసన, డెట్టాల్ వాసన. హాయిగా ఉంది.

మార్చి 9, ఆదివారం

అత్త ఆరు రోజులు ఆలోచించి ఈరోజు వాదన తెచ్చింది. బావ ఉప్మా తింటుంటే ఎదురుగా కూర్చుని నన్ను అడిగింది.

"ఆడి ఒంట్లో ఇప్పుడు పని సేస్తన్నది ఎవుల్దే?"

"నీదే అత్తా."

"యాభై ఎనిమిదేళ్లు పొద్దున్నే తరవాణి తాగిన కిడ్నీ అది. సేపల గంప నెత్తినెట్టుకుని టెక్కలి దాకా నడిసొచ్చిన కిడ్నీ. దానికి తరవాణి పడదంటే ఎలగే? ఉప్మా ఎప్పుడైనా తిన్నాదేటది?"

బావ నవ్వాడు. నవ్వితే కుట్టు దగ్గర లాగుతుందని పొట్ట పట్టుకుని మరీ నవ్వాడు. నేనూ నవ్వాను. ఆరోగ్య కేంద్రంలో పద్నాలుగేళ్లుగా లేబ్ టెక్నీషియన్‌ని. మలేరియా స్లయిడు చూసి ఏ రకమో చెప్పగలను. మా నాన్న అక్కకి మాత్రం జవాబు చెప్పలేకపోయాను.

మార్చి 14, శుక్రవారం

రెండు వేల నాలుగు వందల మిల్లీలీటర్లు.

ఒక మనిషి మూత్రం కొలిచి ఇంత సంతోషపడతానని ఎప్పుడూ అనుకోలేదు. డయాలిసిస్ నడిచిన రెండేళ్లూ చుక్కల్లో కొలిచాం. నీళ్లు కూడా చెంచాలతో ఇచ్చేదాన్ని. ఇప్పుడు చెంబు ఎత్తి గటగటా తాగుతుంటే అరుణశ్రీ పక్కన నిలబడి లెక్కపెడుతోంది. "నాన్న తొమ్మిది గుటకలు తాగీసినాడు" అని వీధిలోకి వినపడేలా చెప్పింది. ఆరో తరగతి పిల్లకి గుటకలు వేడుకైపోయాయి.

అత్త మాత్రం తరవాణి కుండని వసారాలోంచి పెరట్లోకి మార్చేసింది. కొడుక్కి కనపడకుండా అనుకుంటాను. నేను అడగలేదు.

మార్చి 22, శనివారం

ఈరోజు అత్తని ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లాను. సెలవు పొడిగింపు కాగితం ఇవ్వాల్సి ఉంది. తనకీ బీపీ చూపించినట్టుంటుందని తోడు రమ్మన్నాను. చిన్న సీసాలో తరవాణి కూడా పట్టుకెళ్లాను. మాటలతో చెప్పలేనిది కంటితో చూపిద్దామనుకున్నాను.

స్లయిడు మీద బొట్టు పూసి ఆరబెట్టి, సెగ చూపించి, రంగులు పోసి కడిగాను. అత్త స్టూలు మీద కూర్చుని నా చేతులనే చూసింది.

"అన్నం పెట్టినంత శుబ్బరంగా సేస్తన్నావే."

మైక్రోస్కోప్‌లోకి చూడమంటే ఒక కన్ను మూయడం రాలేదు. చీర చెంగుతో కప్పుకుంది. చాలాసేపు ఏమీ కనపడ్డం లేదంది. నేను చక్రం తిప్పుతున్నాను. ఉన్నట్టుండి నా చెయ్యి పట్టుకుని ఆపేసింది.

"పుల్లలు. ఊదా పుల్లలు. ఇన్నేటే?"

"నీ కుండలోవే. ఒక్క బొట్టులో."

"ఇన్నిటినీ నానే పెంచినానా?"

ఆ గొంతులో గర్వం వింటే ముచ్చటేసింది. అక్కడితో ఆపేసి ఉంటే బాగుండేది.

"ఇవి మంచివే అత్తా. గంజిలో ఉన్నది తిని పులుపు చేస్తాయి. ఆ పులుపులో చెడ్డవి చాలావరకు బతకలేవు. మన పొట్టలోకి వెళ్తే అక్కడ ముందే ఉన్నవాటికి సాయం చేస్తాయంటారు. మన ఒంట్లో కాపలా కాసే కణాలుంటాయి. మనవాడెవడో పరాయివాడెవడో వాటికి పోల్చుకోవడం అలవాటవుతుందంటారు."

"మరింకేటి? మంచివే గదా."

"కాపలా ఉన్న ఇంట్లో మంచివే. బావ ఒంట్లో కాపలావాళ్లని మనమే మాత్రలేసి నిద్రపుచ్చాం. ఇప్పుడు మంచివాడు లోపలికెళ్లినా ఎలా ఉంటాడో తెలీదు. వాడి వెనకే చెడ్డవాడు దూరినా ఆపేవాడు లేడు."

"నిద్దరెందుకు పుచ్చడం? లేపీయొచ్చు గదా."

"లేపితే నీ కిడ్నీని పరాయిదనుకుని కొట్టేస్తారత్తా."

అత్త మైక్రోస్కోప్ మీంచి తలెత్తింది. కంటి చుట్టూ గొట్టం అచ్చు పడి ఉంది.

"నాది ఆడికి పరాయిదేటే?"

అలా కాదు, అది ఒంటి లెక్క, మన లెక్క కాదు అని ఏదో చెప్పాను. ఆవిడ వినలేదు. ఆటోలో వస్తున్నంతసేపూ ఉప్పుమడుల వైపే చూస్తూ కూర్చుంది.

మార్చి 23, ఆదివారం

అత్త పొద్దున్న తరవాణి ముట్టలేదు. కడుపులో బాగోలేదంది.

ఏప్రిల్ 2, బుధవారం

విశాఖపట్నం వెళ్లొచ్చాం. రక్తంలో క్రియాటినిన్ 1.1, అంటే కిడ్నీ బాగా పనిచేస్తున్నట్టే. డాక్టరుగారు కాగితం బల్ల మీద పెట్టి వేలితో రెండుసార్లు తట్టారు. ఆయన నవ్వడం అంటే అదే.

తిరిగి వస్తుంటే రైల్లో బావ నా భుజం మీద తల పెట్టి నిద్రపోయాడు. సగం దారిలో లేచి, "అమ్మ నన్ను రెండోసారి కన్నాది గదా" అన్నాడు. ఇంటికొచ్చాక ఆ మాట అమ్మతో అన్నాడేమో తెలీదు. అనడు. మగవాళ్లు ఇలాంటివి రైల్లోనే అంటారు.

ఏప్రిల్ 11, శుక్రవారం

మా పెళ్లయి పదమూడేళ్లు. చందువా చేప పులుసు పెట్టాను, ఉప్పు తక్కువ, కారం తక్కువ, బాగా ఉడికించి. అరుణశ్రీ కాగితప్పూలు కత్తిరించి గుమ్మానికి కట్టింది. ఎల్లాజీ పడవలోంచి దిగి నేరుగా వచ్చి, గుమ్మం బయటే నిలబడి, "మావా, నీ సోటు ఖాళీగానే ఉన్నాది, ఎవుల్నీ కూకోనివ్వలేదు" అని చెప్పి వెళ్లాడు. వాడూ ఈయనా ఒకే పడవ మీద పదిహేనేళ్లు వేటకెళ్లారు.

వాడు వెళ్లాక బావ ఒకటి అడిగాడు. చీర కాదు, సినిమా కాదు. ఒక్కటే. అత్త చేపల రేవుకి వెళ్లి ఉంది.

కుండలోంచి చిన్న గ్లాసు. సగం కూడా కాదు. వేడినీళ్లు కలిపాను.

ఆయన ముఖం చూడాల్సింది.

ఏప్రిల్ 12, శనివారం

98.4.

ఏప్రిల్ 13, ఆదివారం

98.4. ఏమీ లేదు.

ఏప్రిల్ 15, మంగళవారం

ఫోన్లో చాలా చదివాను. పులిసిన ఆహారం పేగులకి మంచిదని, రోగనిరోధక శక్తి పెంచుతుందని, విదేశాల్లో ఇవే సూక్ష్మజీవుల్ని గొట్టాల్లో పోసి అమ్ముతున్నారని. మనం పెరట్లో పెట్టుకున్నదాన్ని. ఒక చోట పెద్ద పెద్ద డాక్టర్లు కూడా రాశారు.

బావకి పెంచకూడనిది ఆ శక్తే. అది నాకు తెలుసు. కానీ పెంచడం వేరు, సరిచెయ్యడం వేరు. కొద్దిగా అయితే సరిచేస్తుంది. అలా అని ఎక్కడా రాయలేదు గానీ, రాసినదాన్ని బట్టి అలాగే అనిపిస్తోంది.

98.6. మధ్యాహ్నం ఎండకి అంతే ఉంటుంది.

ఏప్రిల్ 16, బుధవారం

98.4. ఇంకోసారి. అదే చిన్న గ్లాసు. ఈసారి వేడినీళ్లు కలపలేదు, రుచి పోతోందన్నాడు.

ఏప్రిల్ 19, శనివారం

తెల్లవారి లేచేసరికి 101.2. రెండు గంటల్లో ఆరు విరేచనాలు. కారు పిలిచాను.

కారు వచ్చేలోపు అత్త మీద అరిచాను. నీ కుండ తీసి పారెయ్యమన్నాను. ఎన్నిసార్లు చెప్పినా అర్థం కాదా అన్నాను. అరుణశ్రీ గోడకి ఆనుకుని నిలబడి చూస్తోంది. అత్త సంచిలో బట్టలు సర్దుతోంది.

ఆసుపత్రిలో బావని లోపలికి తీసుకెళ్లాక డాక్టరుగారు బయటికొచ్చి అడిగారు. "వండనిదేదైనా తిన్నాడా? నిల్వ ఉన్నది, పులిసింది?"

నేను నోరు తెరిచేలోపు అత్త అంది.

"నానే ఇచ్చినాను బాబూ. తరవాణి. నిన్న పొద్దున్న. ఒకసారి."

డాక్టరుగారు ఆవిడ వైపు కోపంగా చూశారు. ఆవిడ నేల చూసింది. నేను ఏమీ అనలేదు.

అత్త ఇచ్చే ఉంటుంది. ఇచ్చే ఉంటుంది. లేకపోతే ఎందుకు ఒప్పుకుంటుంది?

ఏప్రిల్ 20, ఆదివారం

102. క్రియాటినిన్ 1.9.

ఏప్రిల్ 21

2.1.

ఏప్రిల్ 24, గురువారం

జ్వరం తగ్గింది. 1.7కి దిగింది.

మలపరీక్షలో ఒక సూక్ష్మజీవి దొరికింది. కుండలో ఉండే ఊదా పుల్లల జాతి కాదు, వేరేది. ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే చెప్పలేమన్నారు. నీళ్లు కావచ్చు, పండు కావచ్చు, చెయ్యి కావచ్చు, కుండ కూడా కావచ్చు.

కావచ్చు. నాలుగింట్లో ఒకటి. ఈ మాట పట్టుకుని పొద్దున్నుంచి తిరుగుతున్నాను. మిగతా మూడూ గట్టిగా ఉన్నాయి. ఆ వారం బావకి ఒలిచిపెట్టిన దానిమ్మకాయ ఎక్కడ కొన్నానో కూడా గుర్తుంది.

సాయంత్రం గాజు తలుపు ఇవతల నుంచి బావతో ఫోన్లో మాట్లాడాను. గొంతు నీరసంగా ఉంది.

"అమ్మే ఇచ్చిందని డాక్టరుగారంటన్నారు. ఏటిది అనూ?"

"నేనింకా చెప్పలేదు."

గాజు తలుపు అవతల మంచం మీద లేచి కూర్చున్నాడు.

"అడిగింది నాను. ఇచ్చింది నువ్వు. మజ్జిలో అమ్మెందుకు?"

ఏప్రిల్ 26, శనివారం

రాస్తాను. దాచుకుంటే ఈ పుస్తకం ఎందుకు?

ఆసుపత్రి వెనక తోటలో సిమెంటు బల్ల మీద కూర్చున్నాం. అత్త బన్ను టీలో ముంచుకుని తింటోంది. ఆ బన్ను పూర్తయ్యేదాకా ఆగి చెప్పాను. రెండుసార్లు ఇచ్చాననీ, పదకొండున, పదహారున. ఆ రోజు నీ మీద అరిచినప్పుడు కూడా నాకు తెలుసనీ.

అత్త చేతులు దులుపుకుంది.

"నాకు తెల్దేటి?"

"ఎలా తెలుసు?"

"కుండలో మట్టం రోజూ సూసేదాన్ని నాను. రేవు నుంచొచ్చి సూస్తే ఏలు మందం తగ్గుంది. నాను ముట్టడం మానీసినాను. పిల్ల ఇస్కూలుకెల్లింది. ఇంకెవులు తాగుతారు, పిల్లా?"

"మరి డాక్టరుతో నువ్వే ఇచ్చానని ఎందుకన్నావు?"

"నువ్విచ్చినావంటే ఆయన నిన్ను తిడతాడు. నీ మీద నమ్మకం పోద్ది. ఈ మనిసి సేతికి బిళ్లలివ్వొద్దంటే, ఇంకెవుడిస్తాడు ఆడికి? పొద్దున్న తొమ్మిది బిళ్లలు, సాయంత్రం ఏడు. నాకు ఒక్క బిళ్ల పేరూ సదవడం రాదు. నన్ను తిడితే ఏటి పోయింది? నా దగ్గర ఇంకేటున్నాది ఆయన తీసుకోడానికి? ఇవ్వాల్సింది ఇచ్చీసినాను."

అందులో ఏడవడానికి ఏమీ లేనట్టు చెప్పింది. నేను ఏడ్చాను. ఆవిడ కాసేపు ఏడవనిచ్చి, "టీ సల్లారిపోతన్నాది" అంది.

తర్వాత, కప్పు నా చేతిలో పెట్టాక, వేరే గొంతుతో అంది. "అరిసినావు సూడు, అది మాత్రం తగిలింది. పిల్ల ముందర అరిసినావు."

"ఇంటికెళ్లాక పిల్ల ముందరే చెబుతాను, నాది తప్పని."

"సెప్పాలి" అంది.

ఏప్రిల్ 28, సోమవారం

డాక్టరుగారికి చెప్పాను. ఆయన గదిలో, అత్త పక్కనే ఉండగా. తిడతారనుకున్నాను. తిట్టలేదు. అది ఇంకా కష్టంగా ఉంది.

"జ్వరం దానివల్లే వచ్చిందని నేను చెప్పలేను. కాదనీ చెప్పలేను. కానీ మీరు లేబ్‌లో పనిచేసే మనిషి. నిన్న ఒకసారి అంటే నేనొక రకంగా వెతుకుతాను, వారంలో రెండుసార్లంటే ఇంకో రకంగా వెతుకుతాను. తేదీ తప్పయితే నేను తప్పుచోట వెతుకుతాను. ఆ పుస్తకంలో రాయనిది నాకు కనపడదమ్మా."

ముందు పేజీలు తిప్పి, ఏప్రిల్ పదకొండు గళ్లోనూ పదహారు గళ్లోనూ ఆయన ఎదుటే రాశాను. తరవాణి, 100 మి.లీ., నేను ఇచ్చాను.

ఇంక లేద్దామనుకుంటుంటే అత్త కదల్లేదు.

"బాబూ, ఒకటడుగుతాను. తొమ్మిది నెల్లు నాలో పెరిగినోడు. నా కిడ్నీ ఆడికి పరాయిదెలగయ్యింది?"

డాక్టరుగారు చేతిలో కలం బల్ల మీద పెట్టేశారు.

"అతను కడుపులో ఉన్నప్పుడు సగం మీవాడు, సగం వాళ్ల నాన్నవాడు. ఆ లెక్కన మీ ఒంటికి అతను సగం పరాయివాడే. అయినా తొమ్మిది నెలలూ మీ ఒళ్లు అతన్ని కొట్టలేదు. అలా ఊరుకోవడం తల్లి ఒంటికి తెలుసమ్మా. అతని ఒంటికి తెలీదు. మేము మాత్రలిచ్చి నేర్పుతున్నాం."

అత్త వేళ్ల మీద లెక్క వేసుకుంది.

"అయితే నాది పరాయిదని కాదు. ఆడికి ఊరుకోడం రాదు."

"అంతే."

"సిన్నప్పట్నుంచీ అంతే బాబూ ఆడు" అంది. డాక్టరుగారు పైకే నవ్వారు. ఆయన పళ్లు చూడడం అదే మొదటిసారి.

మే 6, మంగళవారం

ఇంట్లో ఉన్నాం. 1.2. పిల్ల ముందర చెప్పాను. అరుణశ్రీ విని, "అయితే నువ్వు నాన్నమ్మకి సారీ సెప్పీ" అంది. చెప్పాను. "సరే గానీ, సేపలు కడిగిపెట్టు" అంది అత్త.

పెరట్లో కుండ ఎండి ఉంది. మేం లేని పదిహేడు రోజుల్లో ఎవరూ గంజి పొయ్యలేదు. అడుగున తెల్లటి పొర, పగిలిన మడి నేలలా. అత్త దాన్ని కడిగి గోడ పక్కన బోర్లించింది.

మే 30, శుక్రవారం

బాగుంది. రాయడానికి ఏమీ లేనంత బాగుంది. డ్యూటీలో చేరాను. బావ సాయంత్రాలు మాస్కు పెట్టుకుని ఒడ్డు దాకా నడుస్తున్నాడు. పడవెక్కడం ఇంక జరగదని ఆయనకి తెలుసు. రేవులో చేపల వేలంపాట పాడించే పని చూసుకుంటానంటున్నాడు. గొంతు ఉంది కదా అంటున్నాడు. గొంతుకేం, ఉంది.

జూన్ 17, మంగళవారం

ఇద్దరికీ పరీక్షల రోజు. బావకి 1.1. అత్తకీ అన్నీ బాగున్నాయి గానీ బరువు నాలుగు కిలోలు తగ్గింది. ఏం తింటున్నారని డాక్టరుగారు అడిగితే, "ఆడేటి తింటే అదే" అంది. పొద్దున్న రెండు ఇడ్లీలు. సగం వదిలేస్తుంది. కడుపు బిగిసిపోయి ఉంటుందట. నాకెప్పుడూ చెప్పలేదు.

ఇంటికొచ్చి ఈ పుస్తకం వెనక్కి తిప్పాను. మార్చి ఇరవై మూడు, అత్త తరవాణి ముట్టలేదు అని నేనే రాశాను. కడుపులో బాగోలేదంటే నమ్మాను. మానేశానని తోటలో తనే చెప్పినా, నా తప్పు గొడవలో నాకా మాట పట్టలేదు. మూడు నెలలు. అరవై ఏళ్లకి దగ్గరపడ్డ ఒంటికి చిన్నప్పట్నుంచీ అలవాటైనదాన్ని ఒక్కసారిగా ఆపేసింది. నేను ముందు పేజీల్లో కొలుస్తున్నది ఒక్క మనిషినే. కిడ్నీ తీసుకున్నవాడి నీళ్లూ నిప్పులూ అన్నీ రాశాను. ఇచ్చిన మనిషి ఏం తింటోందో రాయలేదు.

డాక్టరుగారిని ఫోన్లో అడిగాను. "ఆవిడకేం అభ్యంతరం? నీళ్లు బాగా తాగాలి, ఉప్పు తగ్గించాలి. మిగతాది తినొచ్చు. అది తాగితే ఏ జబ్బూ రాదని నేను చెప్పను, అలవాటైన కడుపుకి సుఖంగా ఉంటుంది. అబ్బాయికి మాత్రం వేరే గ్లాసులు, వేరే గరిటె."

అత్తకి చెప్పాను.

"ఒద్దు. కొడుకు తాగలేంది నానేల తాగుతాను?"

"నీ కడుపు అడుగుతోంది కదా."

"అడగనీ."

జూన్ 21, శనివారం

అత్త ఇంకా వినలేదు. బావతో చెప్పాను. వింటూ కూర్చున్నాడు.

జూన్ 22, ఆదివారం

పొద్దున్న లేచేసరికి బావ పెరట్లో ఉన్నాడు. కుండ కడిగి నిలబెట్టాడు. మాస్కు, చేతులకి గ్లవ్స్. అత్త పరుగెత్తుకెళ్లింది.

"ఒరే, ముట్టకు. నీకు పడదు."

"ఒట్టి కుండమ్మా. ఏటీ లేదు ఇందులో. గంజెట్టు."

"ఎందుకురా?"

"నువ్వు తాగడం మానీసినావని అనూ సెప్పింది. నా కోసం ఇచ్చిందేదో ఇచ్చినావు. కడుపు కూడా నా కోసం మాడ్సుకుంటానంటే నాను ఈ బిళ్లలెందుకు మింగడం?"

అత్త కుండ లాక్కుంది. ఆయన్ని దూరంగా పంపించి గంజి పెట్టింది.

జూన్ 25, బుధవారం

మొదటిరోజు ఏమీ లేదు. రెండోరోజు పచ్చివాసన. ఈరోజు మూత తియ్యగానే పులుపు ముక్కుకి తగిలింది. పాత పులుపు ఒక్క చుక్క లేకపోయినా ఆ ఊదా పుల్లలు మళ్లీ వచ్చాయి. బియ్యంలోంచో, గాల్లోంచో, అత్త చేతుల్లోంచో. లేబ్‌కి తీసుకెళ్లలేదు. వాసన చాలు.

అత్త తాగలేదు. ఇంకా రెండ్రోజులు పులవాలంది.

జూన్ 27, శుక్రవారం

తాగింది. ముందు పేజీలో ఆవిడకీ ఒక వరుస గీశాను. అత్త: తరవాణి ఒక గ్లాసు. నీళ్లు రెండు లీటర్లు.

ఆగస్టు 3, ఆదివారం

బావ రేవులో పాట పాడించడం మొదలుపెట్టి వారం అయింది. పొద్దున్నే వెళ్లి, గుంపుకి కాస్త దూరంగా ఎత్తు మీద నిలబడి, మాస్కులోంచే అరుస్తాడు. తొమ్మిదింటి మాత్రకి ఇంటికొస్తాడు. ఎల్లాజీ రోజూ వచ్చి, "మావా, నీ గొంతినబడితే సేపలు ఒలలోంచి దూకి పారిపోతన్నాయి" అంటాడు.

ఈరోజు ఆయన వచ్చేసరికి అత్త పెరట్లో పీట మీద కూర్చుని ఉంది. తరవాణి అన్నం, కాల్చిన ఎండు నెత్తళ్లు, ఉల్లిపాయ. బావకి నేను వసారాలో వేడి రవ్వ ఉప్మా పెట్టాను. ఆయన కూర్చోగానే అత్త పీట జరుపుకుని గోడ వైపు తిరిగింది. అలా తిరగడం కొత్త కాదట, నెలరోజులుగా ఆయన తినే వేళ ఆవిడ గోడ చూసుకునే తింటోందని అరుణశ్రీ చెప్పింది. నేనెప్పుడూ ఆ వేళకి డ్యూటీలో ఉంటాను.

బావ ఉప్మా గిన్నె పట్టుకుని ఆ వీపు కేసి చూశాడు.

"అమ్మా. ఇటు తిరుగు."

"తిని ఒస్తాను, ఉండు."

"తిరుగమ్మా. నువ్వు తింటుంటే సూడనీ."

"నోరూరుద్దిరా నీకు."

"ఊరనీ. నాను తినను గదా. సూస్తాను."

అత్త చేతిలో ముద్ద ఉంది, నీళ్లు వేళ్ల సందుల్లోంచి కారి కంచంలో పడుతున్నాయి. తర్వాత పీటతో సహా ఇటు తిరిగింది. కొడుకు ముఖం చూసింది. ఆ ముఖంలో ఏం వెతికిందో, దొరికినట్టుంది. ముద్ద నోట్లో పెట్టుకుంది. నెత్తడి కొరికింది. ఆయన ఉప్మా చల్లారబెట్టుకుని చూస్తున్నాడు.

"ఎలగుంది?" అన్నాడు.

"పుల్లగుంది" అంది అత్త. "బాగుంది."

నాకూ ఒక గ్లాసు పొయ్యమని ఆవిడ పక్కన కూర్చున్నాను. ముగ్గురం తిన్నాం. అత్త ఎప్పుడూ అయిదు నిమిషాల్లో తినేసి లేచే మనిషి. ఈరోజు ఎండ గోడ దిగేదాకా తింది.